‘తిరిగి చేరు’కి ఒక ఉదాహరణ

మార్చి 2

ఆకాశంలో వేలాడుతూ అద్దాలు తుడిచి లోకానికి వెలుతురు పంచే అక్కగారికి, నేల మీద కుర్చీలో వేలాడుతూ జీతం పుచ్చుకునే తమ్ముడు వంగి వంగి (నడుం నొప్పి వల్ల సగమే వంగి) రాసుకుంటున్నది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిట్రా అని మూతి విరుస్తావని తెలుసు. ఏం చెయ్యను, నీ ఫోను నోరు మూసుకుంది. నువ్వు ఇల్లు వదిలి చేరిన హాస్టలుకి చేస్తే వార్డెనమ్మ ఎత్తి, “ఏమవుతారు?” అంది. తమ్ముణ్ణన్నాను. “ఇక్కడికి ఫోను చేసేవాళ్ళంతా తమ్ముళ్ళే బాబూ” అని పెట్టేసింది. రక్తసంబంధానికి ఇంత అవమానం ఏ యుగంలోనూ జరిగి ఉండదు.

ముందుగా నా విజయగాథ. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో నన్ను ఖాయం చేశారు. టైర్ల దుకాణం మీద మూడు గదులు, వాటిలో మేం ఆరుగురం, మా అందరికీ కొత్త రబ్బరు వాసన. మా సంపాదకుణ్ణి వెనకాల కామాగారు అంటాం. మనిషి కామాలా వంగి ఉంటారు, మాట మాటకీ ఆగుతారు. మొన్న నా బల్ల మీద ఒక కాగితం పెట్టి, “ఇదిగో, నాయనా, రీజాయిన్, క్రియ. అర్థం, పుట్టుక, ఉదాహరణ, శుక్రవారానికి” అన్నారు.

తవ్వాను. ఇంగ్లీషువాడు ఈ మాటని ఫ్రెంచివాడి ఇంట్లోంచి తెచ్చుకున్నాడు. ఫ్రెంచివాడు లాటిన్ వాళ్ళింట్లోంచి. లాటిన్‌లో ‘యుంగెరె’ అంటే కలపడం. ఇంకా లోపలికి వెళ్తే ఎద్దుల్ని కాడికి కట్టడం. మన సంస్కృతంలో ‘యుజ్’ ధాతువు దానికి పినతల్లి కూతురి వరస. యోగం, ఉద్యోగం, వియోగం, అన్నీ దాని సంతానమే. అంటే నా ఉద్యోగమూ నీ వియోగమూ ఒక తల్లి పిల్లలు! అంతేనా, దాంపత్యాన్ని చెప్పే ఇంగ్లీషు మాట ‘కాన్జుగల్’లో కూడా ఆ కాడే ఉంది. ఆలుమగలంటే ఒక కాడి కింద రెండు మెడలన్నమాట. దానికి ముందు ‘రీ’ తగిలించావో, తప్పించుకున్న మెడ మళ్ళీ కాడి కిందికి వస్తుంది. ఎలా ఉంది నా పరిశోధన?

ఇక ఉదాహరణ. మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఏ మాటకైనా మేమే సొంతంగా ఒక వాక్యం రాసి, అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఎక్కించి, నడవ గోడకి గుచ్చాలి. వచ్చేపోయేవాళ్ళు చదువుతారు. వారం దాకా ఎవరూ మొహం చిట్లించకపోతే అది నిఘంటువులోకి వెళ్తుంది. బతికున్న మనిషి నోట్లోంచి వచ్చినట్టు ఉండాలంటారు కామాగారు. నాకు తెలిసిన బతికున్న మనుషుల్లో నువ్వే ముఖ్యురాలివి కాబట్టి నీ మీదే ఒక వాక్యం రాశాను.

అన్నట్టు మొన్న బావ వచ్చాడు. టీ ఇస్తే చల్లారేదాకా గ్లాసు పట్టుకుని కూర్చుని, అలాగే బల్ల మీద పెట్టేశాడు. ఇరవయ్యో తారీఖున నువ్వు పనికి రాకపోతే మీ జంటని తీసేసి నీకు తాడు పని లేకుండా చేస్తారటగా? నీ భుజం నొప్పి తగ్గిందని కూడా చెప్పాడు. మరింకేం? ఆలుమగల మధ్య తాడు జారడం, మాట జారడం మామూలే. అక్కగారు ఎప్పుడు రీజాయిన్ అవుతున్నట్టు?

కాడికి కట్టక ముందే అలిసిపోయిన
నీ తమ్ముడు


మార్చి 6

ఒరేయ్ వాగుడుకాయ్,

వంగి వంగి రాశావుగా, అలాగే వంగి ఉండు. వీపు మీద రెండు వెయ్యాలి.

తాడు జారడం మామూలా? ఏం జరిగిందో నీకు సరిగా తెలియదు, మీ బావ చెప్పి ఉండడు. ఒక్కసారే చెబుతాను, విను.

నేను తాడుకి కట్టిన కుర్చీలో కూర్చుని గోడ మీదకి దిగుతాను, మీ బావ పైన డాబా మీద చక్రం దగ్గర తాడు పట్టుకుంటాడు. పెళ్ళయిన దగ్గర్నించీ ఇంతే, నేను తేలికని. ఆ ఎత్తున గాలికి కేకలు వినపడవు. అందుకని తాడుతోనే మాట్లాడుకుంటాం. కింద ఉన్న మనిషి రెండుసార్లు లాగితే ‘దించు’ అని. పైనున్న మనిషి ఒకసారి లాగి ‘నిజంగా నువ్వేనా?’ అని అడగాలి. కిందనించి మళ్ళీ ఒక లాగు వస్తేనే తాడు వదలాలి. మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఆ రోజు పడమటి గోడ. నా రెండు చేతులూ అద్దం మీద ఉన్నాయి, సబ్బు నీళ్ళు కిందికి లాగుతున్నాను. తాడు ముట్టుకోలేదు. ఉన్నట్టుండి నా కింద కుర్చీ లేదు. ఒక అంతస్తు పొడుగునా పడ్డాను రా. లోపల బల్ల దగ్గర ఎవరో ఆవిడ ఫోనులో మాట్లాడుతోంది, నేను పడుతుంటే ఆవిడ నోరు తెరుచుకోవడం చూశాను. సేఫ్టీ తాడు బిగుసుకుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. భుజం వెళ్ళి గోడకి కొట్టుకుంది.

చెయ్యి జారిందే, తప్పయిపోయిందే అని ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. విచారణ పెట్టినప్పుడు మేస్త్రీ ముందు, ఇంజనీరు ముందు మీ బావ ఏమన్నాడో తెలుసా? “ఆవిడే లాగింది సార్. రెండుసార్లు. నా చేతికి స్పష్టంగా తగిలింది.” పడింది నేను, తప్పు కూడా నాదేనట! ఆ మాట అంటున్నప్పుడు నా వైపు కూడా చూడలేదు. ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని హాస్టలుకి వచ్చేశాను.

ఇప్పుడు చెప్పు. నా మీద అబద్ధం ఆడిన మనిషి చేతిలో తాడు పెట్టి నేను మళ్ళీ అంచు దాటాలా? దాటకపోతే నన్ను కింద హాల్లో నేల తుడిచే పనికి వేస్తారు. అదేం తక్కువ పని కాదు. కానీ నాకు పైన ఉండటం ఇష్టం రా. ఊరంతా కాళ్ళ కింద ఉంటుంది, ఎవరూ నన్ను పిలవరు. ఆ పని పోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. ఆ పనికి వెళ్తే ప్రాణం పోతుందేమోనని కూడా పట్టడం లేదు.

నువ్వేమో తప్పించుకున్న మెడ మళ్ళీ కాడి కిందికి రావాలని శాస్త్రం చెబుతున్నావు. ఎవరు రాయించారు, మీ బావా? ఆయన తరఫున వకాల్తా పుచ్చుకుంటే ఇంక నాకు రాయకు.

అక్క


మార్చి 11

నా బంగారు అక్కా,

వకాల్తా లేదు, వకీలూ లేడు. కాడి సంగతి లాటిన్ వాళ్ళ తప్పు, నాది కాదు. నువ్వు పడ్డావని తెలుసు గానీ అంత దూరం పడ్డావని నాకెవరూ చెప్పలేదు. చదివాక మెట్లు దిగుతుంటే కూడా కమ్మీ పట్టుకుంటున్నాను.

ఇక రెండో సంగతి. దీన్ని ఎలా చెప్పాలో రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. నువ్వు కూర్చుని చదువు. నీళ్ళు తాగి చదువు. చేతికందే దూరంలో విసిరే వస్తువులేవీ లేకుండా చూసుకుని చదువు.

నీ మీద ఒక వాక్యం రాశానన్నాను కదా. అది ఇది: ‘అక్క ఇరవయ్యో తారీఖున పనిలో తిరిగి చేరుతోంది.’

ఉదాహరణ అక్కా! వ్యాకరణం కోసం! కర్త ఉండాలి, తేదీ ఉండాలి, క్రియ ఉండాలి. ‘రాజు రాజ్యంలో తిరిగి చేరెను’ అని రాస్తే కామాగారు, “ఏ రాజు, నాయనా, ఎక్కడున్నాడు?” అని కొట్టేస్తారు. అందుకని రాశాను. నడవ గోడకి గుచ్చాను.

సోమవారం బావ నీ ఉన్ని స్వెట్టరు నాకివ్వడానికి ఆఫీసుకి వచ్చాడు, హాస్టల్లో తెల్లవారుజామున చలిగా ఉంటుందని, నీకు చేర్చమని. నేను లోపల కామాగారితో ‘రీ’ గురించి కుస్తీ పడుతున్నాను. బయటికి వచ్చేసరికి నా కుర్చీ మీద స్వెట్టరు ఉంది, బావ లేడు. ‘ఎస్’ అక్షరం చూసే ఆవిడ చెప్పింది: “ఎవరో పొడుగాయన మీ అట్టముక్క ముందు నిలబడిపోయాడండీ. చదివాడు, మళ్ళీ చదివాడు. కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. ఆ వాక్యంలో అంత కరుణరసం నాకైతే కనపళ్ళేదు.”

సాయంత్రం ఫోను. “బావమరిదీ, నాతో చెప్పలేక గోడ మీద రాసిపెట్టావు కదూ! నాకర్థమైంది లే. మేస్త్రీకి చెప్పేశాను, ఇరవైన ఇద్దరం వస్తున్నామని.” నేను, “బావా, అది ఉదాహరణ” అన్నాను. “అవునోయ్, నీలాంటి బావమరిది అందరికీ ఉదాహరణ” అన్నాడు. ఇంకా ఏదో అందామనుకున్నాను. అవతల మనిషి నవ్వుతున్నాడు అక్కా. ఇన్నాళ్ళలో ఆయన నవ్వడం వినలేదు. నాకు గొంతు పెగల్లేదు. పెట్టేశాడు.

మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇంటికే వెళ్ళి నోటితో చెప్పి వస్తాను. నువ్వు చెప్పమంటేనే. చెప్పు, ఏం చెయ్యమంటావో చెప్పు.

గోడకి గుచ్చదగిన
నీ తమ్ముడు

తా.క. స్వెట్టరు విడిగా పంపుతున్నాను. ఆయన ఇచ్చాడని వేసుకోకుండా మొండికెత్తకు, చలికి ఎవరి పక్షమూ లేదు.


మార్చి 13

నీ ఉత్తరం రాకముందే మేస్త్రీ వచ్చాడు.

హాస్టలు గేటు దగ్గర నిలబడి, వార్డెనమ్మ వింటుండగా, “సంతోషమమ్మా, ఇరవైన పొద్దున్నే పడమటి గోడ, మీ జంటకే వేశాను” అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, “మీ ఆయనే. మీ తమ్ముడు రాతమూలకంగా ఇచ్చాడటగా” అన్నాడు. రాతమూలకంగా! నీ రాత తగలబడ!

అక్కడే కాదని చెప్పెయ్యచ్చు కదా అంటావు. చెప్పలేకపోయాను. ఎందుకో తెలుసా? ఇప్పటికే తాడు లాగింది నేనే అని కాగితాల మీద ఉంది. ఇప్పుడు వస్తానని ఒప్పుకుని ఎగ్గొట్టింది కూడా నేనే అవుతాను. ఆ తర్వాత ఏ కంపెనీ వాడూ నన్ను తాడు దగ్గరికి రానివ్వడు. నీ వాక్యం నన్ను మెడ పట్టుకుని డాబా మీదకి తోసింది రా. నువ్వేమో గొంతు పెగల్లేదంటావు. లోకంలో అందరి గురించీ పెగులుతుంది.

ఒక పని చెయ్యి. మా ఇంటికి వెళ్ళు. మీ బావ ఎదురుగా కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడుగు: ఆ రోజు నేను లాగానా? ఆయన మొహం చూసి నాకు రాయి. నిన్ను చిన్నప్పట్నించీ అబద్ధాలు ఆడేవాడిగా చూస్తున్నాను కాబట్టి ఇంకొకడి అబద్ధం నీకు తెలుస్తుంది.

జోకు వేశావంటే మాత్రం చూసుకో.

అక్క


మార్చి 16

అక్కా,

వెళ్ళాను. జోకులు బయటే విడిచి వెళ్ళాను.

ఇల్లు నువ్వు చూస్తే తిడతావు. వంటగది తొట్టిలో గిన్నెలు, కిటికీ తెర ఒకవైపు ఊడి వేలాడుతోంది. మంచం మీద నీ వైపు మాత్రం దుప్పటి మడత నలగలేదు. బావ నేల మీద చాప వేసుకుని పడుకుంటున్నాడు. నీ పని బూట్లు గుమ్మం దగ్గర కొత్త తాళ్ళు ఎక్కించి పెట్టి ఉన్నాయి, ఇరవయ్యో తారీఖు కోసం.

నేను చెప్పేశాను ముందు: “బావా, అది అక్క చెప్పింది కాదు. నేను నిఘంటువు కోసం కల్పించింది.” ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చేతిలో బత్తాయి ఒలుస్తున్నాడు. ఒలవడం ఆపలేదు, తొక్క అయిపోయాక తొనల మీది తెల్ల నార కూడా ఒలుస్తూ కూర్చున్నాడు.

“అంటే రాదా?” అన్నాడు.

“ముందు నేనొకటి అడగాలి. అక్క అడగమంది. ఆ రోజు అక్క లాగిందా?”

“లాగింది.” వెంటనే అన్నాడు. కళ్ళలోకి చూసి అన్నాడు. “రెండుసార్లు. ఎవరిమీదైనా ఒట్టేస్తాను. నేను అబద్ధం ఆడతాననుకుంటోందా?”

“అనుకుంటోంది.”

“నేనూ తను అబద్ధమాడుతోందనే అనుకుంటున్నాను” అన్నాడు. కోపం లేదు అక్కా, నీరసంగా అన్నాడు.

నువ్వు ఒకే ప్రశ్న అన్నావు. నేను రెండోది నా సొంతానికి అడిగాను. నువ్వు రాసింది చదివినప్పట్నించీ అది నన్ను తొలుస్తోంది. “మరి నువ్వేనా అని తిరిగి లాగావా బావా?”

తొన ఒకటి నా చేతిలో పెట్టాడు. “మేం ఆ అడగడం మానేసి చాలా కాలమైందోయ్. తన లాగు నాకు తెలీదా, నా చెయ్యి తనకి తెలీదా అని. ఎప్పుడు మానేశామో కూడా గుర్తులేదు. అడిగితే అనుమానించినట్టుండేది” అన్నాడు. ఆ తర్వాత, “ఇది విచారణలో చెప్పలేదు. ఎవరూ అడగలేదు” అన్నాడు.

నేను చూసిన మొహం అదీ. నువ్వు లాగావని ఆయన నమ్ముతున్నాడు. కానీ ఒక మనిషి నమ్మినంత మాత్రాన తాడు పట్టుకోవడం వచ్చినట్టు కాదు. అందుకని బతిమాలుకుంటున్నాను అక్కా, ఇరవైన వెళ్ళకు. నా వాక్యం గోడ మీదనుంచి పీకేశాను. నేల తుడిచే పనే చెయ్యి. నా మీద కోపంతో చీపురు విరగ్గొట్టు. నువ్వు పడుతున్నప్పుడు ఆ ఆఫీసావిడ నోరు తెరిచిందని రాశావు చూడు, ఆ నోరు నాకు కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

అట్ట ఎందుకు పీకావని కామాగారు అడిగారు. వాక్యం అబద్ధమని చెప్పాను. “వాక్యం కాదు, నాయనా, నువ్వు అర్థమే సగం రాశావు” అన్నారు. నేను ‘రీ’ని ‘తిరిగి’ అని ఒకచోట, ‘మళ్ళీ’ అని ఒకచోట రాశాను. అవి రెండూ ఎక్కడివో చూడమన్నారు. చూశాను. తిరగడంలోంచి ‘తిరిగి’ వచ్చింది. మరలడంలోంచి ‘మళ్ళీ’ వచ్చింది. మన భాషలో ఏది రెండోసారి జరగాలన్నా ఎవరో ఒకరు వెనక్కి తిరగాల్సిందే. “చేరడం, ఎలాగూ, ఇద్దరి పని. తిరగాల్సింది, ఎవరు? అది తేల్చుకుని, అప్పుడు, రాయి” అని వెళ్ళిపోయారు. నాకు తేలలేదు. ఆ పేజీ ఖాళీగా ఉంది.

వెళ్ళవు కదూ? ఒక్క ముక్క రాయి. వెళ్ళనని రాస్తే చాలు, సంతకం కూడా అక్కర్లేదు.

నీ తమ్ముడు


మార్చి 20, సాయంత్రం

ఒరేయ్,

వెళ్ళాను. బతికే ఉన్నాను, ముందు ఊపిరి తీసుకో.

నీ ఉత్తరం నన్ను ఆపుతుందనుకున్నావు, కానీ అదే పంపింది. ఆయన కళ్ళలోకి చూసి లాగింది అన్నాడని రాశావు. నేను లాగలేదన్నది నాకు నా పేరంత బాగా తెలుసు. ఇద్దరం నిజం చెబుతున్నామంటే మధ్యలో ఇంకేదో ఉండాలి. అది తెలుసుకోకుండా కింద నేల తుడుస్తూ కూర్చుంటే జన్మంతా ఆ గోడ వైపే చూస్తుంటాను.

పొద్దున్నే డాబా మీదకి వెళ్ళాను. మీ బావ కుర్చీ సిద్ధం చేసి, నా బెల్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను తీసుకోలేదు. మేస్త్రీతో అన్నాను, “ఇవాళ ఆయన దిగుతాడు. తాడు నేను పడతాను. లైసెన్సు ఇద్దరికీ రెండు పనులకీ ఉంది.” మేస్త్రీ నసిగాడు. “ఇద్దరూ మాట్లాడుకుని రావాల్సిందమ్మా.” మీ బావ ఆ బెల్టు తన నడుముకే బిగించుకున్నాడు. కాడి కింద మెడ ఒంచాడని కాదు రా. బెల్టు కొక్కేల తాళాలన్నీ వేసుకుని నా ముందుకొచ్చి, “చూడు” అన్నాడు. ఒక్కొక్కటీ లాగి చూశాను. పెళ్ళయ్యాక ఆయన తాళాలు నేను చూడటం ఇదే మొదలు. ఎప్పుడూ ఆయనే నావి చూసేవాడు.

అంచు దాటాడు. తల కనిపించకుండా పోయింది.

ఇది నీకు చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పకు. ఆ మనిషి బరువంతా నా చేతికి వచ్చింది. ఎన్ని రాత్రులు ఆయన్ని మనసులో తిట్టుకున్నానో అన్నీ ఆ చక్రం దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. నేనేమీ చెయ్యను. చెయ్యనని నాకు తెలుసు. అయినా చెయ్యగలిగిన చోట నిలబడ్డాక తెలుస్తుంది ఆ చోటు ఎలాంటిదో. ఆయన ఇన్నేళ్ళూ రోజూ అక్కడే నిలబడ్డాడు. నేను కింద పాటలు పాడుకునేదాన్ని.

రెండో వరస అద్దాల దగ్గర గాలి లేచింది. నా చేతికి తగిలింది. ఒకటి. రెండు.

స్పష్టంగా రా. మనిషి లాగినట్టే. మీ బావ లాగు ఎలా ఉంటుందో నాకు తెలియదు కానీ, తెలిసి ఉంటే ఆయనదే అనుకునేదాన్ని. చెయ్యి దానంతటదే చక్రం బ్రేకు వదలడానికి వెళ్ళింది. నిజం, వెళ్ళింది. అక్కడ ఆపాను. నేను ఒకసారి లాగాను, నువ్వేనా అని.

కిందనించి ఏమీ రాలేదు.

మళ్ళీ లాగాను. ఏమీ లేదు. అంతలో మళ్ళీ రెండు లాగులు. చక్రం బిగించేసి, నా బెల్టు కొక్కెం వేసుకుని, అంచు మీద బోర్లా పడుకుని కిందికి చూశాను. మీ బావ రెండు చేతులూ అద్దం మీదే ఉన్నాయి! తల పైకెత్తి నన్ను చూశాడు, ఏమైందన్నట్టు. తాడు దగ్గరికే పోలేదు. మా మధ్యలో, డాబాకి కాస్త కింద, మొన్న చలికాలంలో బిగించిన ప్రకటన బోర్డు ఉంది. దాని ఇనప చెయ్యి తాడుకి ఆనుకుని ఉంది. గాలికి బోర్డు ఊగినప్పుడల్లా తాడుని పక్కకి లాగి వదులుతోంది. రెండేసిసార్లు.

మేస్త్రీని పిలిచి చూపించాను. ఇంజనీరుని కూడా రప్పించి చూపించాను. నేను లాగాననే మాట కాగితాల్లోంచి కొట్టేసేదాకా చక్రం దగ్గర్నించి కదలనన్నాను. కొట్టేశారు. బోర్డు తీసేదాకా ఆ గోడకి సెలవు.

మీ బావని పైకి లాగాను. అంచు దాటి వస్తూనే, సంగతి విని, చిన్నపిల్లాడిలా ఎగిరాడు. “చూశావా! చూశావా! నేను అబద్ధం ఆడలేదు!”

“ఆడలేదు. అడగనూ లేదు” అన్నాను.

ఎగరడం ఆగిపోయింది.

“నా చేతికీ అదే లాగు తగిలింది. నేను అడిగాను. అందుకే నువ్వు ఇలా నిలబడి చిందులేస్తున్నావు.”

అక్కడే ఆ సిమెంటు మీద కూలబడ్డాడు. అప్పుడు, మేస్త్రీ ఉండగానే, తప్పు నాదే అన్నాడు. విచారణలో అనాల్సిన మాట. నేను కూడా పక్కన కూర్చున్నాను. జవాబు అడక్కుండా దించుతున్నాడని నాకు మాత్రం తెలీదా? అడగడం మానేసినప్పుడు హాయిగానే ఉంది కదా నాకు. పని తొందరగా అయ్యేది.

మధ్యాహ్నం ఉత్తరపు గోడ మీద నేను దిగాను. అవును, ఆయన చేతి మీదే. భయం వేసింది. అంచు దాటే ముందు నా తాళాలు రెండుసార్లు చూసుకున్నాను, ఒప్పుకుంటున్నాను. రెండు లాగాను. నువ్వేనా అన్నాడు. నేనే అన్నాను. మళ్ళీ నువ్వేనా అన్నాడు. నేనేరా బాబూ అని ఊపి ఊపి లాగాను. ఒక్కో అంతస్తుకీ ఇదే గోల, సాయంత్రానికి సగం గోడ కూడా కాలేదు. మేస్త్రీ తల పట్టుకున్నాడు. ఇక మీద ఒక వారం నేను దిగుతాను, ఒక వారం ఆయన దిగుతాడు. మీ కామాగారితో చెప్పు, ఇద్దరం తిరిగాం అని.

పని సంగతి అయింది. ఇంటి సంగతి వేరే.

హాస్టలు ఖాళీ చేశాను. పడింది నేను, భుజం నాది, మళ్ళీ ఇల్లు వదిలి హాస్టలు గదిలో మూడో మంచం పక్కన ట్రంకు పెట్టుకుని ఉండాల్సింది కూడా నేనేనా? సాయంత్రం నా ఇంటికి నేను వచ్చేశాను. మీ బావ సంబరంగా తెర బిగించడానికి కుర్చీ ఎక్కాడు. దిగమన్నాను. అందరి ముందూ అన్న మాటని వెనక్కి తీసుకోవడానికి ఒక పొద్దు పడితే, అది నాలోంచి పోవడానికి ఇంకొన్నాళ్ళు పడుతుంది అన్నాను. ఎన్నాళ్ళు అన్నాడు. నాకు తెలీదు, తెలిసినప్పుడు నేనే వచ్చి చెబుతాను అన్నాను. కాదనలేదు. అంతవరకూ ఎక్కడ ఉండమంటావు అని మాత్రం అడిగాడు.

ఎక్కడ ఉండాలో నాకు వెంటనే తట్టింది. నన్ను అడక్కుండా నన్ను పనిలో చేర్పించిన మహానుభావుడు ఒకడున్నాడు కదా, నిన్ను అడక్కుండా నీ గదిలో ఒకరిని చేర్పించే హక్కు నాకుంది.

గురక పెడతాడు. ఎడమవైపు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. ఉదయం లేవగానే ఎవరితోనూ మాట్లాడడు, నువ్వు కూడా నోరు ఆపుకో, ఇద్దరికీ మంచిది. నా మీద జోకులు వేసుకోండి గానీ నన్ను తిరిగి రప్పించే పథకాలు వెయ్యకండి. గోడల మీద ఏమీ రాయకండి.

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. అంటించి ఇచ్చాను, చదివి ఉండడు. నువ్వు గుమ్మంలో నిలబడి ఇంత ఉత్తరమూ చదువుతుంటే ఎదురుగా పరుపుచుట్ట భుజాన వేసుకుని నీ మొహం వైపే చూస్తూ ఉండి ఉంటాడు. పొద్దుటినించీ ఏమీ తినలేదు.

ముందు ఆయన్ని లోపలికి రమ్మను.

అక్క